సరుకు కంటే ముందు చేరేది ఉత్తరమే: విదేశీ బయ్యర్లకు ఇంగ్లీషులో రాయడం ఎలా

గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే కార్యాలయాల్లో ఇరవై ఏడేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాను. ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసై ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి కొట్టేదాన్ని. ఒక్క అక్షరం తప్పితే మూడు కాగితాల మీదా దిద్దాలి. అందువల్ల వాక్యం మనసులో పూర్తయ్యాకే వేలు కదిలేది. తర్వాత ఫ్యాక్సు వచ్చింది, ఈమెయిల్ వచ్చింది, ఇప్పుడు వాట్సాప్. పరికరాలు ఎన్ని మారినా ఒకటి మారలేదు. హాంబర్గ్‌లోనో ఢాకాలోనో ఉన్న బయ్యరు మన గోదాము చూడలేదు, మన ముఖం చూడలేదు. కంటైనర్ చేరేదాకా ఆయన చేతిలో ఉన్నది మన ఉత్తరం ఒక్కటే. దాన్ని బట్టే మనల్ని నమ్మాలో వద్దో తేల్చుకుంటాడు.

ఈ ఏడాది మా దగ్గర ఇద్దరు పిల్లలు కొత్తగా చేరారు. ఇద్దరికీ డిగ్రీ ఉంది, వ్యాకరణం నాకంటే బాగా వచ్చు. అయినా వాళ్ల ఉత్తరాలకు జవాబులు రావడం లేదు. వచ్చినా, అడిగినదానికి కాకుండా ఇంకేదానికో వస్తున్నాయి. "మేడమ్, తప్పు ఎక్కడుంది?" అని అడిగారు. వాళ్లకు రోజూ చెబుతున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కబురు, తర్వాత కారణం

మొన్న ఓడ ఆలస్యమైంది. ఆ విషయం బయ్యరుకు తెలియజేయమంటే, కొత్తగా చేరిన అమ్మాయి పదకొండు వాక్యాలు రాసింది. మొదట ఆయన క్షేమం అడిగింది. తర్వాత మా సంస్థ ఆయనను ఎంత గౌరవిస్తుందో చెప్పింది. ఆ తర్వాత వాతావరణం, ఓడ కంపెనీ మార్చిన షెడ్యూలు, చెన్నై రేవులో రద్దీ. పదో వాక్యంలో గానీ అసలు సంగతి రాలేదు: లోడింగు మార్చి 14న కాదు, 19న.

ఆ అమ్మాయిది నిర్లక్ష్యం కాదు, మన మాటతీరే అంత. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఓడ రాలేదు కాబట్టి, రేవులో రద్దీగా ఉంది కాబట్టి, సరుకు ఆలస్యమైంది" అంటాం. కబురు చివర్లో పడుతుంది, వినేవాడు అప్పటిదాకా ఓపిక పడతాడు. చెడు వార్తను ఒక్కసారిగా చెప్పకపోవడం మన దగ్గర మర్యాద కూడా. ఇంగ్లీషులో వ్యాపార ఉత్తరం చదివేవాడు మాత్రం మొదటి రెండు వాక్యాల్లోనే విషయం వెతుకుతాడు. అక్కడ దొరకకపోతే తర్వాత చూద్దామని పక్కన పెడతాడు. ఆ "తర్వాత" ఒక్కోసారి మూడు రోజులకు వస్తుంది.

మేమిద్దరం కూర్చుని దాన్ని ఐదు వాక్యాలకు తెచ్చాం. మొదటిది: 25 టన్నుల తేజ రకం మిర్చి మార్చి 14న కాక 19న ఓడ ఎక్కుతుంది. రెండోది: ఓడ కంపెనీ షెడ్యూలు మార్చింది, వారి నోటీసు జత చేశాం. మూడోది: ఎల్.సి.లో (కాగితాలు సరిగ్గా ఇస్తే డబ్బు చెల్లిస్తామని బయ్యరు బ్యాంకు ఇచ్చే హామీ పత్రంలో) ఓడ ఎక్కించాల్సిన చివరి తేదీ మార్చి 15 అని ఉంది, కాబట్టి దాన్ని మార్చి 25 దాకా పొడిగించమని మీ బ్యాంకును కోరండి. నాలుగోది: ఆ సవరణ మార్చి 12 లోపు మాకు అందితే 19వ తేదీ ఓడలో చోటు నిలబడుతుంది. ఐదోది: ఆలస్యానికి మన్నించండి. మన్నింపు ఒక్కసారే. మూడుసార్లు వేడుకుంటే, పైకి చెప్పినదానికంటే పెద్ద పొరపాటు ఏదో దాస్తున్నామని చదివేవాడికి అనుమానం వస్తుంది.

అసలు పని మూడో వాక్యానిది, గడువు నాలుగోదానిది. ఉత్తరం మొదలుపెట్టే ముందు కాగితం మీద ఈ రెండూ తెలుగులో రాసుకోమని పిల్లలకు చెబుతాను: ఇది చదివాక ఆయన ఏం చేయాలి? ఎప్పటిలోగా చేయాలి? జవాబు మీకే తెలియకపోతే ఆ ఉత్తరం రాయడానికి ఇంకా వేళ కాలేదు.

విషయం పంక్తి కూడా అలాగే ఉండాలి. "అర్జెంట్" అనే మాట అక్కడ దండగ. కాంట్రాక్టు నంబరు, సరుకు, పాత తేదీ, కొత్త తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత తగాదా వస్తే వెతకడానికి పనికొచ్చేది ఆ పంక్తే.

గారు లేని భాషలో గౌరవం

మన గౌరవమంతా "గారు"లో, "మీరు"లో, క్రియ చివరి "అండి"లో ఉంటుంది. ఇంగ్లీషులో అవేవీ లేవు. ఆ లోటు పూడ్చడానికి "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెడతాం, ప్రతి వాక్యంలో "కైండ్లీ" చేరుస్తాం. మన కార్యాలయాల మధ్య అది చెల్లుతుంది. జర్మన్ బయ్యరుకో అమెరికన్ బయ్యరుకో అది బడి పిల్లవాడి సెలవు చీటీలా కనిపిస్తుంది. పేరు తెలియనప్పుడు "డియర్ సర్ ఆర్ మేడమ్", తెలిసినప్పుడు "డియర్" తర్వాత మిస్టర్ లేదా మిజ్, ఆపైన ఇంటిపేరు. ఆడవారో మగవారో తెలియకపోతే పూర్తి పేరు రాస్తే సరిపోతుంది. బ్రిటిష్ పద్ధతిలో "డియర్ సర్"తో మొదలైన ఉత్తరం "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ"తో ముగుస్తుంది, పేరుతో మొదలైనది "యువర్స్ సిన్సియర్లీ"తో. ఈమెయిల్‌లో ఇప్పుడు అంత పట్టింపు లేదు, "రిగార్డ్స్" చాలు. ఆయన తన జవాబు కింద ఉత్త పేరుతో సంతకం చేస్తే, తర్వాతి ఉత్తరంలో మీరు కూడా ఆ పేరుతోనే పిలవవచ్చు. ముందడుగు వాళ్లను వేయనివ్వండి.

పేర్ల విషయంలో ఇంకో చిక్కు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లది చివర. చైనాలోనూ ఇంటిపేరే ముందు. సంతకం కింద మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో తెలిసేలా రాయకపోతే ఏళ్ల తరబడి మీ ఇంటిపేరుతోనో మీ నాన్నగారి పేరుతోనో పిలుస్తారు.

"ఆలి" అనే ప్రత్యయం మనల్ని బాగా ఇరికిస్తుంది. "మీరు డ్రాఫ్టు పంపాలి" అంటే తెలుగులో తప్పేమీ లేదు, మామూలు మాట. దాన్ని "షుడ్"తో ఇంగ్లీషు చేస్తే "ఆ మాత్రం తెలియదా, పంపవద్దూ?" అని మందలించినట్టు ధ్వనిస్తుంది. "మస్ట్" అయితే ఆజ్ఞే. బయ్యరును అడిగేటప్పుడు "కుడ్ యూ" అని ప్రశ్నగా మార్చండి. చట్టం ప్రకారమో బ్యాంకు నియమం ప్రకారమో తప్పనిసరి అయినచోట "మస్ట్" వాడండి, అయితే కర్తగా ఆయనను కాకుండా కాగితాన్ని పెట్టండి: ఈ సర్టిఫికెట్ మీద ఫలానా ముద్ర ఉండి తీరాలి, అని.

మాటల్లో కొన్ని మన దేశంలోనే ఉండిపోయినవి ఉన్నాయి. "డూ ద నీడ్‌ఫుల్" ఒకప్పటి బ్రిటిష్ వాడుకే, అక్కడ పాతబడిపోయింది. చదివేవాడికి అది తెలిసినా, ఏం చేయాలో మాత్రం తెలియదు. చేయాల్సిన పని పేరు చెప్పండి. "రివర్ట్" అంటే మనకు జవాబివ్వడం, వాళ్లకు పాత స్థితికి వెళ్లిపోవడం. కొత్త ధర పంపి "రివర్ట్" చేయమంటే పాత ధరకు వెళ్లమంటున్నారా అని బయ్యరు అడిగిన సందర్భం నాకు తెలుసు. "ప్రిపోన్", అంటే అనుకున్న తేదీకంటే ముందే జరపడం, కొందరికి అసలు అర్థం కాదు. "ఇంటిమేట్" తెలియజేయడం అనే అర్థంలో నిఘంటువులో ఉంది, కానీ దాని రెండో అర్థం (శారీరక సాన్నిహిత్యం) వల్ల వ్యాపార ఉత్తరంలో ఇబ్బందిగా ఉంటుంది.

ఇక "డౌట్". దాని కోసం ఒక సంగతి చెప్పాలి. పదిహేనేళ్ల కిందట ఐరోపా బయ్యరు ఒకరు మా సరుకులో అఫ్లటాక్సిన్ (బూజు విషం) హద్దు దాటిందని ల్యాబ్ రిపోర్టు పంపారు. ఐరోపా సమాఖ్యలో మిర్చికి హద్దు బి1 అనే రకం అఫ్లటాక్సిన్ అయితే కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. ఇక్కడి పరీక్షలో మా సరుకు ఆ హద్దుల లోపలే ఉంది. శాంపిల్ ఎలా తీశారో తెలుసుకుందామని "మీ రిపోర్టు మీద మాకు డౌట్స్ ఉన్నాయి" అని రాశాను. తెలుగులో సందేహం అంటే అడగవలసిన ప్రశ్న కదా. ఆయనకు మాత్రం "మీ రిపోర్టు నమ్మదగింది కాదు" అని అర్థమైంది. జవాబు రెండు పంక్తుల్లో వచ్చింది, దాని నకలు వారి న్యాయవాదికి కూడా వెళ్లింది. మా యజమాని గారు ఫోన్లో మాట్లాడి ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవడానికి వారం పట్టింది. అప్పటినుంచి అడగవలసింది ఉంటే "క్వశ్చన్" అనే రాస్తున్నాను.

నాణ్యత మీద ఫిర్యాదు వచ్చినప్పుడు

అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సిన ఉత్తరం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

ఫిర్యాదు వచ్చిన రోజు తప్పు ఒప్పుకోవద్దు, కాదనవద్దు. అందింది అని మాత్రం ఆ రోజే చెప్పాలి. మౌనంగా ఉన్న ప్రతి రోజూ అవతలివాడి కోపం పెరుగుతుంది. మొదటి ఉత్తరంలో నాలుగు సంగతులు చాలు: మీ ఫిర్యాదు అందింది; లాట్ నంబరు, శాంపిల్ తీసిన పద్ధతి, రిపోర్టు పూర్తి ప్రతి పంపండి; ఆ సరుకును వేరుగా ఉంచండి; మా దగ్గర సీలు వేసి దాచిన శాంపిల్‌ను పరీక్షకు పంపుతున్నాం, ఫలానా తేదీకి ఫలితం చెబుతాం. ఆ తేదీ నాటికి ఫలితం రాకపోయినా "ఇంకా రాలేదు" అని రాయాలి.

సరుకు గుణం తెలిస్తే రాతలో శాంతం దానంతట అదే వస్తుంది. అఫ్లటాక్సిన్ బూజు వల్ల వచ్చే విషం. అది లాట్ అంతటా సమానంగా ఉండదు, తడి తగిలిన కాయల్లోనే గూడు కడుతుంది. ఒక టిక్కీలో (మిర్చి బస్తాలో) తీసిన శాంపిల్‌కూ పక్క టిక్కీలో తీసినదానికీ ఫలితం వేరుగా రావచ్చు. రెండు ల్యాబులూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇది తెలియకముందు మేము "మీది తప్పు" అని రాసేవాళ్లం. ఇప్పుడు "రెండు ఫలితాలూ వేరుగా ఉన్నాయి, ఇద్దరం ఒప్పుకున్న ల్యాబులో మళ్లీ పరీక్ష చేయిద్దాం" అని రాస్తున్నాం.

యార్డు మాటలు ఉత్తరంలోకి తేవద్దు. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్ అనే తేడా గుంటూరు యార్డులో కాయ పట్టుకు చూసేవారికి తెలుస్తుంది, రోటర్‌డామ్‌లో తెలియదు. "తాలు తక్కువ" అంటే ఎంత తక్కువ? రంగు వెలిసిన కాయలు బరువులో ఎంత శాతమో రాయండి. తేమ శాతం, ఆస్టా కొలతలో రంగు, స్కోవిల్ కొలతలో కారం, తొడిమ ఉందా లేదా. "ఎ వన్ క్వాలిటీ" అని రాసిన కాంట్రాక్టులోనే తగాదాలు ఎక్కువ చూశాను.

అంకెలదీ అదే కథ. లక్ష, కోటి విదేశీయులకు తెలియవు, కామాలు కూడా వాళ్ల పద్ధతిలో పెట్టాలి: 1,00,000 కాదు, 100,000. తేదీని 03/04 అని రాస్తే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాయండి.

బ్యాంకుకు వెళ్లే కాగితాల్లో మర్యాద ఉండదు

బయ్యరుకు రాసే ఉత్తరంలో మాట తీరు ముఖ్యం. ఎల్.సి. కింద బ్యాంకుకు ఇచ్చే ఇన్‌వాయిస్‌లో మాట తీరు అనేదే వద్దు. ఎల్.సి.లకు అంతర్జాతీయంగా పాటించే, 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 నియమాల ప్రకారం ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్.సి.లో ఉన్నదానికి సరిపోవాలి. ఎల్.సి.లో మిర్చి స్పెల్లింగు తప్పుగా ఉందని మీరు దిద్దవద్దు, ఎలా ఉందో అలాగే ఎక్కించండి. తప్పు పెద్దదైతే సవరణ అడగండి. కాగితాలు చూడటానికి బ్యాంకుకు ఐదు పనిదినాల గడువు ఉంటుంది. ఎల్.సి.లో వేరే గడువు చెప్పకపోతే, ఓడ ఎక్కించిన 21 రోజుల్లోగా అసలు బిల్ ఆఫ్ లేడింగ్‌తో (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రంతో) కాగితాలు ఇవ్వాలి, అదీ ఎల్.సి. గడువు ముగిసేలోపే. ఇక్కడ అందంగా రాయాలన్న కోరికను పూర్తిగా పక్కన పెట్టండి.

ఏ కబురు దేనిలో

ధర, పరిమాణం, తేదీ, నాణ్యత. ఈ నాలుగింటిలో ఏది మారినా ఈమెయిల్‌లో ఉండాలి. వాట్సాప్‌లో మాట్లాడుకుని ఒప్పుకున్నా, ఫోన్లో ఒప్పుకున్నా, ఆ రోజు పొద్దుపోయేలోగా "ఇవాళ ఫోన్లో మనం అనుకున్నది ఇది" అని మూడు పంక్తుల ఈమెయిల్ వెళ్లాలి. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డాయంటే చూశారనే గానీ ఒప్పుకున్నారని కాదు.

వాట్సాప్ దేనికి బాగుంటుందంటే, కంటైనర్ నింపుతున్న ఫోటోలకు, సీలు నంబరుకు, "బండి బయలుదేరింది" అన్న కబురుకు. ఇంగ్లీషు తమ భాష కాని బయ్యర్లకు వాయిస్ మెసేజ్ పంపవద్దు. మన యాస వాళ్లకు, వాళ్ల యాస మనకు కష్టం. రాసిందైతే నిదానంగా చదువుకుంటారు, కావాలంటే తమ భాషలోకి మార్చుకుంటారు. వాళ్ల కోసమే వాక్యాలు పొట్టిగా, ఒక వాక్యానికి ఒక సంగతిగా రాయాలి. జాతీయాలు, చమత్కారాలు వద్దు.

చెడు వార్త పెద్దదైతే ముందు ఫోను చేయండి, తర్వాత రాయండి. సరుకు తడిసిందన్న సంగతి ఎవరికైనా మనిషి గొంతులో తెలియాలి.

వేళ చూసుకోండి. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఉదయం ఏడున్నరకు పంపితే వాళ్ల పది గంటలకు అందుతుంది. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు, గురువారం సాయంత్రం పంపింది ఆదివారం గానీ చూడరు. మన కొత్త కాయ యార్డుకు వచ్చే జనవరి, ఫిబ్రవరి రోజుల్లోనే చైనా కొత్త సంవత్సరం వస్తుంది. అప్పుడు వాళ్లు జవాబివ్వకపోతే బేరం పోయిందని కంగారుపడి ధర తగ్గించవద్దు.

ప్రతులు పంపడం గురించి ఒక మాట. బయ్యరు దగ్గర పనిచేసే గుమస్తా ఆలస్యం చేస్తున్నాడని వాళ్ల పెద్దాయనను ప్రతిలో చేర్చడం పంచాయతీకి పెద్దమనుషులను పిలవడం లాంటిది. పని జరుగుతుంది, ఆ గుమస్తా మాత్రం మళ్లీ మనకు సాయం చేయడు. రెండు ఉత్తరాలు, ఒక ఫోను అయ్యాకే ఆ పని చేస్తాను.

బాకీ అడిగే ఉత్తరాలు

మా యజమాని గారు "గట్టిగా రాయి" అంటారు. ఆయన కోపం న్యాయమైనదే, డబ్బు ఆగితే ఇక్కడ రైతుకు ఇవ్వాల్సింది ఆగుతుంది. ఆయన చెప్పినదంతా రాసుకుంటాను, ఆ కాగితం నా దగ్గరే ఉంచుకుంటాను. వెళ్లే ఉత్తరం వేరు.

గడువు దాటిన మర్నాడు వెళ్లేది విచారణ మాత్రమే: ఇన్‌వాయిస్ అందిందా, బ్యాంకులో ఏమైనా ఆగిందా? నిజంగానే సగంసార్లు ఏదో కాగితం ఆగి ఉంటుంది. వారం తర్వాత వెళ్లేదానిలో మొత్తం, గడువు తేదీ, ఎన్ని రోజులు దాటిందో ఉంటాయి, ఏ తేదీన పంపుతారో చెప్పమని అడుగుతాను. పదిహేను రోజులకు వెళ్లేదానిలో ఏం జరగబోతోందో చెబుతాను: ఈ డబ్బు ఫలానా తేదీకి రాకపోతే రెండో కంటైనర్ నింపం. ఆ మాట రాసే ముందు యజమాని గారిని అడుగుతాను, నిజంగా ఆపుతారా అని. ఆపనంటే ఆ వాక్యం తీసేస్తాను. ఒకసారి ఉత్తుత్తి బెదిరింపు పంపితే, తర్వాత పంపే ఏ ఉత్తరానికీ బరువుండదు. మూడు ఉత్తరాల్లోనూ విశేషణాలు ఉండవు. "షాకింగ్", "అన్‌ప్రొఫెషనల్" లాంటి మాటలు డబ్బు తేవు.

ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ చేతే ఉత్తరం రాయిస్తున్నారు. వద్దని నేను అనను, వాక్యాలు శుభ్రంగా వస్తున్నాయి. కానీ అది మనం ఇవ్వని మాట ఇచ్చేస్తుంది. ఫిర్యాదుకు జవాబు రాయమంటే "పూర్తి బాధ్యత మాదే, నష్టం భరిస్తాం" అని తీయగా రాసి పెట్టింది. ఆ ఒక్క వాక్యం ఖరీదు ఒక కంటైనర్. ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఈ మాట మనం ఇచ్చామా అని చూసుకుని గానీ పంపవద్దు.

చివరిగా బ్యాంకు ఖాతా. "మా ఖాతా మారింది, ఇకపై డబ్బు ఇక్కడికి పంపండి" అని తెలిసినవారి పేరుతో ఉత్తరం వస్తే, అది ఎంత మర్యాదగా, ఎంత చక్కటి ఇంగ్లీషులో ఉన్నా నమ్మవద్దు. ఈమెయిల్‌లోకి చొరబడి, పాత ఉత్తరాలు చదివి, అదే ధోరణిలో రాసే మోసగాళ్లు ఉన్నారు. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉండవచ్చు, అసలు తేడానే ఉండకపోవచ్చు. ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాదు, మన పాత కాంట్రాక్టులో ఉన్న నంబరుకు ఫోను చేసి, గొంతు తెలిసిన మనిషితో మాట్లాడాలి. మన ఖాతా వివరాలు మారినప్పుడు బయ్యరుకు కూడా ఇదే చెప్పాలి: మాకు ఫోను చేసి అడిగాకే పంపండి, అని. ఫోను ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయండి. అప్పటిదాకా డబ్బు కదలకూడదు.